ఈ చిరునామాలో లేరు

"యుస్రా ఇల్లు ఇదేనా అమ్మా? కోర్టు నుంచి వచ్చిన."

గుమ్మంలో నిలబడ్డ మనిషి చేతిలో సీలు వేసిన కాగితం చూసేసరికి షౌకత్ బీ చేతిలోని చాయ్ గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఎవరు భాయ్ నువ్వు? యుస్రాతోని నీకేం పని?"

"అంజన్న అంటరు, కోర్టు బంట్రోతును. గా ఫారిన్ కంపెనీ కేసుల కాగితం తెచ్చిన. ఇయ్యాల సాయంత్రం లోపల పిల్లను, కంపెనీ మిషన్‌ను పట్టుకొని కోర్టుకు రావాల్నంట."

"మిషన్ ఎందుకు?"

"నాకేమెర్క? అది ఏం మిషనో గూడ తెల్వదు. కుట్టు మిషనైతే ఆటోల ఏస్కొని రాండ్రి."

అది ఏ మిషనో షౌకత్ బీకి తెలుసు. ఆ మిషన్ ఉండేది మనవరాలు యుస్రా చెవి వెనక. పుట్టు చెవిటి పిల్లకు ఆపరేషన్ చేసి, తల లోపల ఒక ముక్క పెట్టి, చెవి వెనక ఇంకో ముక్క తగిలిస్తే, పిల్ల మొట్టమొదట విన్నది ఈ దాదీ గొంతే. నిరుడు ఆ బయటి ముక్క కాస్తా మూగబోయింది. చేసిన కంపెనీ తప్ప లోకంలో ఇంకెవరూ దాన్ని బాగుచెయ్యలేరట. ఆ కంపెనీయేమో సముద్రం అవతల. ఉలకదు, పలకదు. కేసు వేస్తే, కంపెనీ చేతికి కాగితం అందేదాకా జడ్జిగారు నోరు విప్పరట. ఆ కాగితం ఢిల్లీ మీదుగా సముద్రం దాటిపోవడం, 'ఈ చిరునామాలో లేరు' అని రాయించుకుని తిరిగి రావడం, ఎప్పుడూ ఇదే తంతు. అంత దూరం నుంచి వాళ్ళ ముక్క పిల్ల తలలోకి రాగలిగింది గానీ, మన కాగితం వాళ్ళ గడప తొక్కలేకపోయింది.

ఇప్పుడు వాళ్ళే ఎదురు తిరిగారన్నమాట. మా మిషన్ మాకు పారెయ్యండి అంటున్నారన్నమాట. పలకకపోయినా సరే, పిల్ల పొద్దున్నే ముఖం కడుక్కోగానే దాన్ని చెవికి తగిలించుకుంటుంది, ఇవాళైనా పలుకుతుందేమోనని. దాన్ని ఈ దాదీ ఏ చేత్తో ఊడబీకి ఇస్తుంది?

అంత పెద్ద కంపెనీ ఆడిన నాటకమే కదా, మనం ఒక్కసారి ఆడితే తప్పేముంది అనిపించింది షౌకత్ బీకి.

"వాళ్ళు లేరు భాయ్. ఖాళీ చేసి పోయిన్రు. మేం కొత్తగ దిగినం."

అంజన్న ఆమెను ఎగాదిగా చూసి, ఎదురింటి గడప మీద బంతిపూలు గుచ్చుతున్న వరమ్మ వైపు తిరిగాడు. "ఏమమ్మా, నిజమేనా?"

వరమ్మ ఒక్క క్షణం షౌకత్ బీ కళ్ళలోకి చూసింది. అది చాలు.

"గాళ్ళా? ఎప్పుడో పోయిన్రు. గా ముసల్ది మస్తు లొల్లి మనిషి. పీడ పోయిందని గల్లీ అంత హాయిగున్నది."

షౌకత్ బీ పళ్ళు కొరుక్కుంది.

"ఏ దిక్కు పోయిన్రు?"

"నాకు చెప్పి పోతదా? నా దగ్గర తీస్కున్న ఇడ్లీ గిన్నె గూడ ఇయ్యలే."

అంజన్న ఊరికే కదిలే రకం కాదు. అబద్ధాలాడే గడపలు ఎన్ని చూశాడో! లోపల చాప మీద, గుమ్మానికి వీపు పెట్టి, తల మీదుగా దుపట్టా కప్పుకుని బొమ్మ గీసుకుంటున్న పిల్ల కనబడింది.

"మరి గా పిల్లెవరు?"

"మా చెల్లె మనవరాలు. ఆఫ్షీన్."

అతను గుమ్మంలోంచి మెడ చాపి, గట్టిగా కేకేశాడు. "యుస్రా!"

పిల్ల రంగు పెన్సిల్ మార్చుకుంది.

"ఓ యుస్రా బేటీ! గిటు చూడు, చాక్లెట్ తెచ్చిన!"

గల్లీలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. పిల్ల మాత్రం తల తిప్పలేదు. పువ్వుకు రంగు వేస్తూనే ఉంది. ఏడాదిగా ఆ తల ఒక్కసారి ఇటు తిరగాలని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్న షౌకత్ బీ, తిరగకు నా తల్లీ, తిరగకు అని దేవుణ్ణి వేడుకోవడం ఇదే మొదలు.

"పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్ల ఉంటదా! నీ మాట నిజమే తీ అమ్మా" అన్నాడు అంజన్న. కాగితం వెనక ఏదో రాసి, వరమ్మతో సాక్షి సంతకం పెట్టించి, షౌకత్ బీ ఇచ్చిన చాయ్ తాగి మరీ పోయాడు.

అతను గల్లీ మలుపు తిరిగాడో లేదో, షౌకత్ బీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను లొల్లి మనిషినా?"

"కాదా అక్కా? నా గిన్నె ఎప్పుడిస్తవ్?"

ఇద్దరూ కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వుకున్నారు. షౌకత్ బీ లోపలికి పోయి, దుపట్టా తొలగించి, ఆ పలకని మిషన్ మీదే పిల్లను ముద్దు పెట్టుకుంది. పిల్ల ఉలిక్కిపడి తిరిగి చూసి, తన పువ్వును చూపించింది.

పొద్దున పోయిన కరెంటు పొద్దుగూకాక వచ్చింది. ఫోనుకు ప్రాణం రాగానే, కేసు వాదిస్తున్న వకీలమ్మ స్రవ్య గొంతు.

"అమ్మీ! పొద్దున్నుంచి చేస్తనే ఉన్న, ఎక్కడికి పోయిన్రు మీరు? ఈసారి కంపెనీ మన కాగితం తీస్కున్నది!"

"తెలుసు బేటీ. మిషన్ గుంజుకోనీకి మనిషిని పంపిన్రు. నువ్వేం ఫికర్ చెయ్యకు, నేను వాపస్ పంపిన."

అవతల స్రవ్య గొంతు తగ్గించింది.

"గుంజుకోనీకి కాదు అమ్మీ... జడ్జి ముందలనే పాతది తీసి యుస్రా చెవికి పెడతనని కంపెనీ ఆయన కొత్త మిషన్ పట్టుకొని సముద్రం దాటొచ్చిండు, సాయంత్రం దాక కూసున్నడు, మీరు ఖాళీ చేసి పోయిన్రని బంట్రోతు రాసిస్తే మిషన్ సంచిల పెట్టుకొని మళ్ళ విమానమెక్కిండు."