బల్ల దీపాలు

రాజోలు బడిలో ఇప్పుడు ప్రతి బల్లకీ ఒక దీపం ఉంటుంది. కూర్చున్నవాళ్లకు పాఠం అర్థం కాకపోతే అది దానంతటదే ఎర్రగా వెలుగుతుంది. అందుకే పిల్లలందరూ దానిమీద క్యారేజీ సంచి పెడతారు.

“అర్థమైందా?” అన్నారు లెక్కల మాస్టారు పల్లంరాజు గారు.

“అర్థమైందండీ!” సంచుల వెనక నుంచి అందరూ ఒక్క గొంతుతో రాగం తీశారు.

సుభాషిణి కూడా తీసింది. కానీ రేపే పరీక్ష. బెల్లు కొట్టాక, పుస్తకం పట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది.

“మేష్టారండీ, ఈ ఆఖరి లెక్క నాకు అర్థం కాలేదండి.”

“ఓస్, ఇదా! చాలా తేలిక,” అంటూ ఆయన లెక్క చూశారు. మళ్లీ చూశారు. ఆయన బల్లమీద మడతపెట్టి ఉన్న తెల్ల తువ్వాలు మెల్లగా ఎర్రబడింది.

సుభాషిణి నోరు తెరిచింది. “మీకు కూడా వెలిగిందేంటండీ?”

మాస్టారు తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. “పద, హెడ్మాస్టరమ్మ గారిని అడుగుదాం. ముందు నువ్వు నడు. ఆవిడ నాక్కూడా చదువు చెప్పారు, ఇప్పటికీ భయమేనమ్మా.”

ఆవిడ గది ముందు ఇద్దరూ ఆగారు. తలుపు సుభాషిణే తట్టింది.