ఎర్రబడని పొర

సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే కుళాయి వడపోత పొర నూకాలమ్మ ఇంట్లో మూడు రోజులుగా ఎర్రబడుతోంది. నీళ్లలో హాని చేసే నలుసులుంటేనే అది ఎర్రబడుతుంది. ఆ నీళ్లు తాగిన మనవరాలు ఆస్పత్రిలో ఉంది. నీళ్ల కంపెనీ మనిషి వచ్చి, వీధంతా బిగించినట్టే ఇక్కడా తెల్లటి కొత్త పొర బిగించాడు.

"ఇది రంగు మారదమ్మా. ఇక మీకు భయం ఉండదు."

"నలుసులు పోతాయేటి?"

"రంగు రాదు," అన్నాడతను చూపు తప్పించి.

నూకాలమ్మకు ఒళ్లు మండిపోయింది. గ్లాసు నిండా నీళ్లు పట్టి అతని చేతిలో పెట్టింది.

"అయితే తాగు బాబూ. నా ఎదరే తాగు."

అతను గ్లాసు గట్టు మీద పెట్టేశాడు.

ఆమె వీధిలోకొచ్చి గొంతెత్తింది. "ఒలే, ఈడు తాగడంట! మనకి బిగించినవన్నీ పీకి అట్టుకురండే!"

ఆ వీధి ఆడవాళ్లు తెల్ల పొరలన్నీ అతని వ్యానులో కుమ్మరించారు. కంపెనీ నుంచి మంచినీళ్ల ట్యాంకరు వచ్చేదాకా అతణ్ణి కదలనివ్వలేదు.