టేబుల్ పద్నాలుగు, కుర్చీ మూడు

శనివారం సాయంత్రం ఏడూ పదికి హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు మొదటి గేటు దగ్గర మానస టికెట్ చెల్లలేదు. కోడ్ స్కాన్ చేసిన ట్యాబ్ ఎర్రగా మారి, ఎదురుగా ఉన్న ఆమె ఫొటో తీసింది.

"ఈ టికెట్ మీద ఇప్పటికే లోపలికి పోయిండ్రు," అంది గేటు చూస్తున్న పద్మలత. ఇంజనీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల విందుకు ఆన్‌లైన్‌లో టికెట్లు అమ్మింది ఆమె కమిటీయే.

"ఎట్ల పోతరు మేడం? టికెట్ నా ఫోన్ల ఉన్నది. నేను ఇప్పుడే ఆటో దిగిన."

"ఆరూ యాభై రెండుకు, రెండో గేట్ల. టేబుల్ పద్నాలుగు, కుర్చీ మూడు."

పద్మలత ట్యాబ్ తిప్పి చూపింది. తెర మీద హాలు పటం. మనిషి వచ్చిన కుర్చీ పచ్చగా, రాని కుర్చీ తెల్లగా ఉన్నాయి. పద్నాలుగో టేబుల్‌లో మూడో కుర్చీ పచ్చగా ఉంది. నాలుగోదీ పచ్చగానే ఉంది. నాలుగోది ముందే వచ్చిన ఆమె భర్త వంశీది.

"జర తొందరగ తేల్చుండ్రి తల్లీ. లోపల బగార అన్నం సల్లబడతాంది," అన్నాడు వరుసలో ఒకాయన. ఎవరో నవ్వారు.

"నా పేరు మీద వచ్చింది మొగమనిషా, ఆడమనిషా?"

"పచ్చగ వస్తే ఫొటో పడది చెల్లె. ఎర్రగ వస్తేనే పడుతది. నువ్వు టికెట్ ఎవరికన్న పంపినవా?"

పంపలేదు. వంశీ నిన్న దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. 'రేపు మా ఆవిడకు అవార్డు' అని రాసి, కింద టికెట్ ఫొటో పెట్టాడు. కోడ్‌తో సహా. రాత్రి మానస చూసి తీసేయించింది. అప్పటికే చూసినవాళ్లలో సుదర్శన్ పేరు ఉంది. సుదర్శన్ ఆమె అన్న. "చూస్తే ఏమైతది? టికెట్ నీ పేరు మీదనే ఉన్నది కద," అన్నాడు వంశీ.

ఇంట్లో వద్దన్న పెళ్లి చేసుకున్న ఈ ఎనిమిది నెలల్లో సుదర్శన్ ఆమెకు పంపింది ఒకటే మెసేజీ. 'ఇద్దరు ఒక్కకాడ దొరికిన నాడు మీ సంగతి చెప్త.'

మానస వంశీకి ఫోన్ చేసింది. బిజీ అని వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ బిజీ.

"మేడం, నన్ను లోపలికి పోనియ్యుండ్రి."

"ఎర్ర టికెట్ మీద పంపితే నన్ను అడుగుతరు. జర ఆగు, సెక్రటరీ సార్‌ను పిలుస్త."

"ఆ కుర్చీల కూసున్నోడు మా ఆయనను సంపుతడు."

వరుసలో నవ్వు ఆగింది. పద్మలత ఆమె మొహం చూసింది. గేటు పక్కవాళ్లకు అప్పగించి, ట్యాబ్ చంకలో పెట్టుకుని, మానస చెయ్యి పట్టుకుంది.

"నడువు."

హాలులో నలభై టేబుళ్లు వేశారు. వేదిక మీద పాట నడుస్తోంది. ప్రతి టేబుల్ మధ్యలో అంకె రాసిన అట్టముక్క ఉంది. ఐదు. తొమ్మిది. పన్నెండు దగ్గర ప్లేట్ల బండి అడ్డం వచ్చింది. మానస దాన్ని పక్కకు తోసింది.

పద్నాలుగో టేబుల్ దగ్గర రెండు వీపులు కనిపించాయి. నాలుగో కుర్చీలో వంశీ తల టేబుల్ మీదికి వంగి ఉంది. కదలడం లేదు. మూడో కుర్చీలో మనిషి తల నిండా శాలువా కప్పుకుని ఉంది.

మానస వంశీ భుజం పట్టి లాగింది. అతను ఉలిక్కిపడి లేచాడు. ఒక చెవికి ఫోన్ ఉంది, రెండో చెవిని పాట వినపడకుండా అరచేత్తో మూసుకున్నాడు.

"నీకే చేస్తాన! రావద్దని చెప్దామంటే ఊకె బిజీ వస్తాంది!"

మూడో కుర్చీలోని మనిషి శాలువా తీసింది. కళావతి. మానస తల్లి. ముందున్న ప్లేటు బోర్లించింది బోర్లించినట్టే ఉంది.

మానస రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా, అన్న ఏడి?"

"బయట."

"నువ్వు తోలుకొచ్చినవా?"

"వాడు బండి మీద వచ్చిండు. నేను కేసముద్రంల నాలుగున్నరకు రైలెక్కిన. వానికి తెల్వది."

"నా టికెట్ నీకెట్ల వచ్చింది? నా కుర్చీల ఎందుకు కూసున్నవ్?"

కళావతి గుప్పిట తెరిచింది. అందులో నాలుగు మడతల జిరాక్స్ కాగితం. అది మానస టికెట్టే.

"వాడు ఫోన్ల ఫొటో చూసి జిరాక్స్ తీపిచ్చి టీవీ మీద పెట్టిండు. నేను కొట్టుకు తీస్కపోయి ఇంకోటి తీపిచ్చి, వానిది మళ్ల అక్కడనే పెట్టిన. ఇదంత చదివిన బిడ్డా. రొండుసార్లు చదివిన."

కాగితం అడుగున అచ్చయిన ఒక వాక్యం కింద బాల్‌పెన్నుతో గీత ఉంది. 'ఈ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.'

"ఇద్దరు బయటికి పోకుండ్రి," అంది కళావతి. "ఈడనే ఉండుండ్రి."

పద్మలత ట్యాబ్‌లో ఆ టికెట్ పూర్తి రికార్డు తెరిచింది. మూడు వరుసలు ఉన్నాయి. ఆరూ యాభై రెండు, పచ్చ, ఫొటో లేదు. ఏడూ పది, ఎరుపు, మానస ఫొటో.

మధ్య వరుసలో ఏడూ ఒకటి, రెండో గేటు, ఎరుపు అని ఉంది. పద్మలత దాని ఫొటో నొక్కింది. సుదర్శన్. ఒక చేతిలో జిరాక్స్ కాగితం ఉంది. రెండో చెయ్యి చొక్కా కింద, నడుము దగ్గర ఉంది.