బుల్లయ్య కళ్ళు

సత్తెనపల్లి, 2006. తెల్లారితే బుల్లయ్య పెద్దకర్మ. ఆయనకున్న ఒకే ఒక్క ఫొటో, చనిపోయాక స్టూడియో ఖలీల్ తీసిందే. పటం కట్టాలంటే మూసి ఉన్న కళ్ళను కంప్యూటర్‌లో తెరిచినట్టు దిద్దాలి. ఆ ఫొటో తెరిస్తే చాలు, కంప్యూటర్ ఆగిపోతోంది. హార్డ్‌డిస్క్ టకటకమంటోంది. అది పోతే ఫొటో కూడా పోతుంది.

ఆ రాత్రి ఖలీల్ కంప్యూటర్ మూత విప్పాడు. కొత్త ర్యామ్ నొక్కి కూర్చోబెట్టాడు. కొత్త డిస్క్ బిగించి, ఫొటోను అందులోకి ఎక్కించి, పాతది తీసేశాడు. టకటక ఆగింది.

“నీ డబ్బా లేచిందా అన్నా?” అంది బుల్లయ్య కూతురు లక్ష్మీదుర్గ, గుమ్మం దగ్గర నుంచి.

“లేచిందమ్మా.”

ఫొటో తెరిచాడు. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అతను ఇంకా దిద్దడం మొదలుపెట్టలేదు.

“నేను ఫొటో తీసినప్పుడు మీ నాన్న కళ్ళు మూసే ఉన్నాయి కదమ్మా?”

“నేనే మూశానన్నా,” అందామె. “రెండుసార్లు.”