రాతిని వదిలిన చేప

వాగులో ఒక చేప ఉండేది. దానికి దవడలు లేవు. గుండ్రటి నోటితో రాతికి అతుక్కుని బతికేది.

పక్కనే ఉల్లంకి పిట్ట పొడుగు ముక్కుతో బురదలో పురుగులు ఏరుకుంటుంటే చేపకు కడుపు రగిలిపోయేది. "దేవుడు ముక్కంతా దానికే పెట్టి, నాకు చిల్లు మిగిల్చాడు" అని లోలోపలే కుళ్లుకునేది.

ఒకరోజు వాగుకు వరదొచ్చింది. కాళ్లు నిలవక ఉల్లంకి ఒడ్డెక్కింది. చేప మాత్రం రాతిని వదల్లేదు.

"కాళ్లు లేకపోయినా ఎంత గట్టిగా నిలబడ్డావే. నిన్ను చూస్తే నాకు అసూయగా ఉంది" అంది ఉల్లంకి.

అది వెక్కిరింపే అనుకుంది చేప. ఇన్నాళ్ల కసి తీరా కడిగేద్దామని రాతి మీంచి నోరు తీసింది.

"ఆ ముక్కు చూసుకుని" అన్నంతవరకే ఉల్లంకికి వినిపించింది. మిగతా మాటనీ, చేపనీ వరద పట్టుకుపోయింది.