నాలుగింటికి తప్పకుండా

“ఆడుతుందా, ఆడదా? ఒక్క ముక్కలో చెప్పమను,” అన్నాడు అట్టపెట్టెల కార్ఖానా యజమాని, ఫోను అరచేత్తో మూసిపట్టుకుని.

దుబాసీ అమ్మాయి ఆ మాటను జపాను భాషలో అడిగింది. పెట్టెలు మడిచే యంత్రం కింద వెల్లకిలా పడుకున్న జపాను ఇంజనీరు బయటికి జరిగి, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, కాసేపు ఆలోచించి “కమో షిరెమసెన్” అన్నాడు.

“నాలుగింటికి ఆడొచ్చునేమో అంటున్నారండీ.”

“మళ్లీ ‘ఏమో’నా? పొద్దున ఏమన్నాడు?”

“‘దెషో’ అన్నారండీ, బహుశా ఆడుతుందని. అంతకుముందు ‘హజు’ అన్నారు. లెక్కప్రకారం ఆడాలి అని.”

“లెక్కప్రకారం నా నెత్తిమీద జుట్టుండాలి.”

పాపం, ఆమె తప్పేమీ లేదు. ఆ భాషలో నమ్మకానికి మెట్లున్నాయి. పై మెట్టున ‘కిత్తో’, అంటే తప్పకుండా అని. అక్కణ్ణుంచి దిగుతూ దిగుతూ వస్తే అట్టడుగున ఈ ‘కమో’. ఏ మెట్టు మీది మాటను ఆ మెట్టు మీదే దించాలని చదువుకున్న పిల్ల ఆమె. ఇంజనీరేమో కళ్లారా చూసేదాకా పై మెట్టెక్కే మనిషి కాదు. యజమానికి ఆ ఒక్క మెట్టుతో తప్ప పనిలేదు.

“చూడమ్మా, బిస్కెట్ల కంపెనీవాళ్లు లైన్లో ఉన్నారు. పెట్టెలు ఇవ్వలేమంటే ఇంకొకరి దగ్గరికి పోతారు. ‘ఏమో’ అనుకోడానికైతే నేను చాలనూ? మధ్యలో నువ్వెందుకు? ఇంకొక్కసారి ఆ మాట వినబడిందంటే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆమె ఉద్యోగంలో చేరి సరిగ్గా తొమ్మిది రోజులు. ఇంజనీరును మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ ఆ అట్టడుగు మాటే అన్నాడు. పైగా ఈసారి తల కూడా గోక్కున్నాడు.

“నాలుగింటికి తప్పకుండా ఆడుతుందటండీ,” అంది దుబాసీ.

“అలా చెప్పు మరి,” అని యజమాని అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆయన పెదవులు కదలడం కనబడుతోంది గానీ ఒక్క ముక్కా వినబడదు.

నాలుగైంది. యంత్రం మూడు పెట్టెలు చక్కగా మడిచి, నాలుగోదాన్ని నమిలేసి, ఆగిపోయింది. నాలుగుంబావు అయింది. తిండి కూడా తినని ఇంజనీరు మళ్లీ దాని కిందికి దూరాడు. ఆయనే అలా అన్నాడని బొంకితే అడిగే నాథుడు లేడు. కానీ యంత్రం కింద నుంచి బయటికి కనబడుతున్న ఆ రెండు బూట్లను చూస్తే దుబాసీకి మనసొప్పలేదు. తిన్నగా అద్దాల గదిలోకి వెళ్లింది.

“తప్పు నాదండీ. ఆయన ‘ఆడొచ్చునేమో’ అనే అన్నారు. ‘తప్పకుండా’ అన్నది నేను. ఆయన్నేమీ అనకండి.”

యజమాని టీ కప్పు కింద పెట్టాడు.

“ఫోన్లో నేనేం చెప్పానో తెలుసా? పెట్టెలు ఇవాళ రావచ్చు, రాకపోవచ్చు, రేపటిదాకా చూడండి అన్నాను. సరేనన్నారు.”

దుబాసీ అడక్కుండానే కుర్చీలో కూలబడింది. “మరి నన్నెందుకండీ అంత బెదిరించారు?”

“నా సంగతి నాకు తెలుసు గనక. ముప్పై ఏళ్లుగా ఈ కార్ఖానాలో ‘తప్పకుండా’ అని ఎవరన్నా నేను ‘ఏమో’ అనే వింటున్నాను. ‘ఏమో’ అంటే ‘కాదు’ అని వింటాను. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకునుంటే ఆర్డరు అప్పుడే వదిలేసేవాణ్ణి. ఆయన మాటను నాకు సరిగ్గా చేర్చింది నీ అబద్ధమేనమ్మా.”