పేరుకి గడియ

వేలిముద్ర వెయ్యాల్సిన గడిలో గొడుగు తాత నాలుగోసారి కూడా సంతకమే పెట్టాడు.

పెట్టి ఊరుకున్నాడా? చివరి అక్షరం తోకని వెనక్కి లాగి, పేరు కిందుగా మొదటి అక్షరం దాకా తెచ్చి బిగించాడు.

"గడియ పెట్టొద్దూ మరి!" అన్నాడు తనలో తనే.

కౌంటరమ్మాయి తల పట్టుకుంది.

"తాతా, నీకో దణ్ణం. సంతకం చెల్లదు. ఆ మిషను గాజు మీద వేలు పెట్టు, చాలు. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు."

"నొప్పికి కాదమ్మా. నేను వేలిముద్రగాణ్ణి కాను. చదువుకున్నవాణ్ణి."

వెనక వరసలో నవ్వులు. ఆ వరస గుమ్మం దాటి, మెట్లు దిగి, సైకిల్ షాపు దాకా పాకింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మాత్రం సెలవులో ఉంది.

ఇక ఆ మిషనుందే, దాని మొండితనం ఏ అత్తగారికీ రాదు. ఇటుకలు మోసేవాడి చెయ్యి చూసి "ఇది వేలు కాదు" పొమ్మంది. గిన్నెలు తోమే ఆవిణ్ణి మూడుసార్లు తిప్పి పంపింది. ఒకరోజు ఎవరి సంచీలోంచో జారిపడ్డ బంగాళాదుంపకి మాత్రం టక్కున పచ్చదీపం వెలిగించి, మనిషేనని ఒప్పుకుందిట!

"వేలు పెడితే వచ్చే ఈ నంబరు లేకపోతే ఆసుపత్రిలో నీకు గుండె మాత్రలివ్వరు తాతా. తెలుసా?"

"తెలుసు. ఆపేసి పది రోజులైంది."

"మరి?"

"మరి అందుకే అడుగుతున్నా. నా వేలు పట్టుకెళ్ళి ఎక్కడ దాస్తారు?"

"సర్వర్లో."

"సర్వరా? మా వీధి హోటల్లో సర్వరు మంచినీళ్ళడిగితే టీ తెస్తాడు. వాడి చేతికా నా వేలు?"

వరసంతా గొల్లుమంది. అమ్మాయికి మాత్రం ఒళ్ళు మండింది. రోజుకి వంద వేళ్ళు ఎక్కించకపోతే పై సారు నమిలి మింగేస్తాడు. గంట నుంచీ ఎక్కినవి నాలుగు.

"అసలు నీ వేలు ఎవడిక్కావాలి తాతా?"

"చూడు తల్లీ. సంతకం నేను ఒప్పుకుంటేనే పడుతుంది. వేలిముద్రకి నా ఒప్పుదల అక్కర్లేదు, నిద్రలో ఉన్నా పడుతుంది. శవం చేత కూడా వేయించుకున్న మహానుభావుల్ని చూశాను నేను."

"అబ్బబ్బ! జరుగు తాతా, జరుగు. నీ చాదస్తం వింటూ కూచుంటే నా బతుకు తెల్లారినట్టే."

తాత గొడుగు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. అమ్మాయి ఆ ఫారాన్ని సొరుగులోకి విసిరికొట్టింది.

మూడోరోజు తాత మళ్ళీ వచ్చాడు.

నడిచి కాదు, చక్రాల కుర్చీలో. కళ్ళు మూతలు పడి, తల ఓ పక్కకి వాలిపోయి ఉంది. వెనక నుంచి తోస్తున్నది మేనల్లుడు.

"మాత్రల్లేక పడిపోయాడమ్మా. నంబరు లేనిదే చేర్చుకోం అంటున్నారు ఆసుపత్రిలో. తొందరగా కానీ."

"ఆయనకి తెలివి లేదు కదండీ?"

"వేలుంది కదమ్మా!"

అమ్మాయి సొరుగులోంచి పాత ఫారం తీసి వివరాలన్నీ ఎక్కించింది. తెర మీద ఆఖరి ప్రశ్న వచ్చింది: 'ఇష్టపూర్వకంగా ఇస్తున్నారా?'

'కాదు' నొక్కితే మిషను అక్కడే చతికిలబడుతుంది. వెనకనుంచి వరస అరుస్తోంది.

'అవును' నొక్కింది.

మేనల్లుడు తాత బొటనవేలు పట్టుకుని గాజు మీద అదిమాడు. అందర్నీ ఏడిపించే మిషను ఈసారి కిక్కురుమనకుండా పచ్చదీపం వెలిగించింది.

మిషన్లోకి ఎక్కినదాన్ని ఏడు తాళాల వెనక దాస్తారట. కాగితానికి మాత్రం ఆ భాగ్యం లేదు. మధ్యాహ్నం అమ్మాయి టిఫిన్ డబ్బా కారుతుంటే, ఆ ఫారమే చుట్టి సంచీలో వేసుకుంది.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ రోజూ వేసే చురకే వేసింది.

"ఎంతమందిని వేలిముద్రగాళ్ళని చేసొచ్చావే ఇవాళ?"

"నూటొక్కర్ని. నాలుగుసార్లొచ్చి నా ప్రాణం తీశాడే, ఆ గొడుగు తాత పీడ కూడా విరగడైంది."

అమ్మ డబ్బాకి చుట్టిన కాగితం విప్పింది. నలిపి పారెయ్యబోయి ఆగింది. పేరు కింద గీత మీద వేలితో మెల్లగా రాసింది.

"ఈ గడియ నీకెక్కడ దొరికిందే?"

అమ్మాయి ఉలిక్కిపడింది. తాత గొణిగిన ఆ మాట తను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"గడియేంటమ్మా?"

"పేరు రాశాక కింద గడియ పెట్టాలి, ఎవడూ మధ్యలో దూరకుండా. నా సంతకం చూళ్ళేదూ?"

చూసింది. తన ప్రతి ప్రోగ్రెస్ కార్డు మీదా చూసింది. అది అమ్మ చేతి వంకర అనుకుంది.

"మీ నాన్న పోయిన నెల్లాళ్ళకి మీ పెదనాన్నలిద్దరూ కాగితం, సిరాడబ్బీ పట్టుకుని దిగారు. నువ్వు చంకలో ఉన్నావు. వేలిముద్రదే కదా, వేసేస్తుందిలే అనుకున్నారు. 'చదివి సంతకం పెడతాను, ఇలా ఇవ్వండి' అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే పోయారు. అందుకే ఈ ఇల్లు ఉంది మనకి."

అమ్మాయి ఆ కాగితం కోసం చెయ్యి చాచింది.

అమ్మ కాగితంలో పేరు మళ్ళీ చదువుకుని, ముఖమంతా నవ్వుతో దాన్ని కళ్ళకద్దుకుంది.

"బడి ఊడ్చేదాన్ని చీపురు పక్కన పెట్టించి, నాలుగు నెలలు కూచోబెట్టి నాకు అక్షరాలు దిద్దించిన మాష్టారే ఈయన; సంతకం పెట్టారంటే, ఒంట్లో కులాసాగానే ఉన్నారన్నమాట!"